మద్దెల నిజంగానే ఓడైతే?

తిరుపతిలో ఏ పూల్ పార్లర్‌కైనా వెళ్లి, ఒక షాట్ పోగొట్టుకుని, "ఈ స్టిక్ బాగలేదబ్బా" అని చూడండి. పక్క టేబుల్ నుంచి ఎవరో ఒకరు "ఆడలేక మద్దెల ఓడు" అనకుండా వదలరు. పదిసార్లలో తొమ్మిదిసార్లు వాళ్ల మాటే నిజం. తల లేపేసి ఉంటాడు, మోచెయ్యి పక్కకు పోయి ఉంటుంది, గురి ముందే తప్పి ఉంటుంది. నా పేచీ ఆ పదోసారి గురించి. సైడ్ పెట్టి, అంటే వైట్‌ను (మనం కొట్టే తెల్ల బంతిని) నడుమ కాకుండా పక్కగా కొట్టినప్పుడు, అది ఎటు పోతుందన్నది చేతి మీదే కాదు, స్టిక్ ముందు కొస మీద కూడా ఆధారపడుతుంది. ఆ కొసను మార్చుకోవచ్చు. దానికి పదుల వేలు పోసి కార్బన్ షాఫ్ట్ (షాఫ్ట్ అంటే స్టిక్ ముందు సగం) తెప్పించుకోనక్కర్లేదు, మన ఊళ్లోనే చేయించుకోవచ్చు. కాకపోతే మనవాళ్లు ఎక్కువమంది అడిగే మార్పు, అంటే షాఫ్ట్‌ను సన్నగా చెక్కించడం, ఉన్న దారుల్లో అన్నిటికన్నా నాసిది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మాట చెప్పడానికే.

వైట్‌ను నడిమధ్యలో కొట్టినంతసేపూ ఏ స్టిక్ అయినా ఒకటే. సైడ్ పెట్టగానే కథ మొదలవుతుంది. బంతికి కుడిపక్కన కొట్టామనుకోండి. టిప్ (స్టిక్ కొసనున్న తోలు బిళ్ల) తాకిన క్షణంలోనే బంతి తిరగడం మొదలుపెడుతుంది, తిరుగుతూ టిప్‌ను కుడివైపుకు లాక్కుపోతుంది. టిప్ ఒక్కటే పోదు కదా, దాని వెనకున్న ఫెరుల్ (కొసకు తొడిగే చిన్న గొట్టం), చెక్క కూడా పక్కకు జరగాలి. ఆ జరగాల్సిన సరుకు ఎంత బరువుంటే అంత గట్టిగా అది బంతిని ఎదురు నెడుతుంది. అందుకే కుడి సైడ్‌తో కొట్టిన వైట్ మనం చూపిన గీత మీద కాకుండా కాస్త ఎడమకు జరిగి పోతుంది. దీన్నే ఆటగాళ్లు డిఫ్లెక్షన్ అంటారు. ఈ జరుగుడు 2 డిగ్రీలనుకుందాం. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది. 2 మీటర్లు పోయేసరికి అది 7 సెంటీమీటర్లు. పూల్ బంతి వెడల్పే 5.7 సెంటీమీటర్లు. అంటే పాట్ చేయాల్సిన (గుంతలో వేయాల్సిన) బంతిని అసలు తాకకుండానే వైట్ పక్కనుంచి వెళ్లిపోవచ్చు.

టిప్ బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు కాలం. అంత తక్కువ సమయంలో పక్కకు జరగాలన్న కబురు స్టిక్ మొత్తానికీ అందదు, ముందున్న కొద్ది భాగానికే అందుతుంది. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన డేవ్ అల్సియాటోర్ దీన్ని చాలా తేలికైన పద్ధతిలో పరీక్షించి చూపించాడు. షాఫ్ట్ మీద చిన్న బరువు బిగించి, దాన్ని టిప్ నుంచి కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ డిఫ్లెక్షన్ కొలిచాడు. బరువు టిప్ దగ్గరున్నప్పుడు తేడా బాగా కనిపించింది, ఐదారు అంగుళాలు వెనక్కి పోయాక దాదాపు మాయమైంది. కాబట్టి వెనక పిడిలో ఏ బోల్టు వేశారు, జాయింట్ ఇత్తడిదా స్టీలుదా, పిడి మీద ఎన్ని రింగులు పొదిగారు అన్నవాటికి చేతిలో పట్టు బాగుందా లేదా అన్నదానితో సంబంధం ఉంటే ఉండొచ్చు, డిఫ్లెక్షన్‌తో లేదు. ఈ కొస బరువే వ్యాపారానికీ పునాది. ప్రిడేటర్ కంపెనీ ఐరన్ విల్లీ అని పేరుపెట్టిన ఒక రోబోతో షాట్లు కొట్టించి, ముందు కొసను లోపల బోలుగా చేసి, 1994లో 314 అనే షాఫ్ట్‌ను తెచ్చింది. ఇప్పటి కార్బన్ షాఫ్టుల రహస్యమూ అదే, కొసను తేలిక చేయడం.

ఇక సన్నం చేయించడం సంగతి.

బాలాజీ కాలనీ వైపు నేను సాయంత్రాలు ఆడే చోట ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ఉన్నాడు. ఆట బాగుంటుంది, ఓపిక తక్కువ. ఒకరోజు షాఫ్ట్ పట్టుకొచ్చాడు.

"అన్నా, దీన్ని పదకొండున్నరకు దించాల. లేత్ షాపు యాడుంది?"

"ఎందుకురా?"

"సన్నగుంటే స్పిన్ బాగా పడతాదంట."

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటారు కదన్నా."

అందరూ అంటారన్నది నిజమే. ముందు లెక్క చూద్దాం. వాడి షాఫ్ట్ 13 మిల్లీమీటర్లది. దాన్ని 11.5కు దించితే కొసలో చెక్క 22 శాతం తగ్గుతుంది, బరువూ అంతే తగ్గుతుంది. బాగానే ఉంది. కానీ గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే బలం దాని వెడల్పుకు నాలుగో ఘాతంతో మారుతుంది. 13 నుంచి 11.5కు వచ్చేసరికి ఆ బలం 39 శాతం పోతుంది. ఇప్పుడు రెండో దారి చూడండి. బయట 13 మిల్లీమీటర్లు అలాగే ఉంచి, కొస నుంచి లోపలికి నడిమధ్యలో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే ఆ మేరకు చెక్క 21 శాతం తగ్గుతుంది, ఇంచుమించు అంతే. వంగని బలం మాత్రం పోయేది 5 శాతం కూడా కాదు. ఎందుకంటే కడ్డీ నడిమధ్యలో ఉన్న చెక్క వంపును ఆపడానికి చేసే పని దాదాపు ఏమీ లేదు, బరువు మోయించడం తప్ప. వెదురు బొంగు సంగతి తెలిసిన ఊళ్లో దీన్ని ఇంకా విడమరచనక్కర్లేదు.

ఒకే బరువు తగ్గించడానికి ఒక దారిలో బలం ఐదింట రెండు వంతులు పోతోంది, ఇంకో దారిలో ఇరవయ్యో వంతు కూడా పోవడం లేదు. అయినా జనం మొదటి దారికే ఎందుకు పోతారంటే అది కంటికి కనిపిస్తుంది. సన్నబడిన షాఫ్ట్ చేతిలో కొత్తగా ఉంటుంది, కొడితే ఝుమ్మని ఊగుతుంది, ఆ ఊపే స్పిన్ అనుకుంటారు. స్పిన్ ఎంత పడుతుందన్నది నడిమధ్య నుంచి ఎంత పక్కకు కొట్టాం, ఎంత వేగంతో కొట్టాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. పక్కకు జరగడానికీ ఒక హద్దుంది. బంతి వ్యాసార్ధంలో సగం, అంటే పూల్ బంతికి సుమారు 14 మిల్లీమీటర్లు దాటితే టిప్ జారి మిస్‌క్యూ అవుతుంది. 13 మిల్లీమీటర్ల స్టిక్‌కైనా, 11కైనా ఇదే హద్దు. తేలిక కొసతో వచ్చే లాభం వేరు. గురికి కలపాల్సిన దిద్దుబాటు తగ్గుతుంది, ధైర్యంగా పక్కకు కొట్టగలుగుతాం. ఆ ధైర్యానికి మనవాళ్లు స్పిన్ అని పేరు పెట్టారు.

రంధ్రం వేయించడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. రేణిగుంట రోడ్డు వైపు మోటారు షాఫ్టులు తిప్పే లేత్ షాపులకు కొదవ లేదు, కొలతల్లో వాళ్ల చెయ్యి నిక్కచ్చిగా ఉంటుంది. కానీ పని ఇనుముతో. ఇరవై తొమ్మిది అంగుళాల సన్నటి మేపుల్ (పూల్ షాఫ్టులు చేసే చెక్క) కర్రను రెండు కొసల్లో బిగించి తిప్పితే నడుమ తాడు తిప్పినట్టు ఊగుతుంది. "ఇనుము కాదు గదా సార్, ఊగతాది" అని మా లేత్ ఆయన మొదట్లోనే చెప్పాడు. మధ్యలో ఆనించి పట్టే స్టెడీ ఉంటేనే ఆ పనికి ఒప్పుకోండి. చేత్తో పట్టే డ్రిల్లుతో చేస్తానన్నవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేయండి. పొడవాటి బిట్టు చెక్క నరాన్ని పట్టుకుని పక్కకు పోతుంది, ఐదంగుళాలు దిగేసరికి రంధ్రం ఒక గోడకు అంటుకుని ఉంటుంది. అప్పుడు షాఫ్ట్‌ను ఒకవైపు తిప్పి కొడితే ఒకలా, ఇంకోవైపు తిప్పి కొడితే ఇంకోలా ఆడుతుంది. కుర్చీ కాళ్లు, మంచం కోళ్లు తిప్పే చెక్క లేత్ వాళ్లకు చెక్క గుణం బాగా తెలుసు, కానీ అర మిల్లీమీటర్ తేడాను తేడాగా లెక్కపెట్టే అవసరం వాళ్లకు రాదు. నా మొగ్గు మోటారు షాఫ్టుల ఆయన వైపే, పదునైన కొత్త బిట్టు మనమే కొనిస్తే.

ఇంకో చిక్కు ఫెరుల్ దగ్గర. పాత రకం ఫెరుల్ అంగుళం పొడవుంటుంది. దాన్ని తొడగడానికి చెక్కను ఒక మెడలా సన్నం చేసి ఉంటారు. ఆ మెడ 8 మిల్లీమీటర్లే ఉంటే, అందులోంచి 6 మిల్లీమీటర్ల బిట్టు దూరితే చుట్టూ మిగిలేది ఒక్క మిల్లీమీటర్ గోడ. మొదటి గట్టి దెబ్బకే విరుగుతుంది. కాబట్టి రంధ్రం అంటే ఫెరుల్ మార్పు కూడా అనే లెక్క. మెడను లావుగా ఉంచి, దాని మీద పొట్టిగా, పల్చగా, తేలికైన ప్లాస్టిక్ ఫెరుల్ వేయాలి. ఇందులో ఒక మేలూ ఉంది. ఫెరుల్ అన్నిటికన్నా ముందు కూర్చునే సరుకు కాబట్టి అక్కడ తగ్గించే ఒక్కో గ్రాము, వెనక చెక్కలో తగ్గించే గ్రాముకన్నా ఎక్కువ పనిచేస్తుంది. రంధ్రానికి ధైర్యం చాలనివాళ్లు పొడవాటి ఫెరుల్ తీసి పొట్టిది వేయించుకుని ఆగిపోయినా నాకు అభ్యంతరం లేదు. ఫెరుల్ అసలు పని కొసన చెక్క చీలకుండా కాపాడడమే, దానికి అంగుళం అక్కర్లేదు.

మధ్యలో ఒక పిట్టకథ. చెక్కపనికి పేరున్న ప్రాంతం కదా, తిరుపతి బొమ్మలున్నాయి, ఏర్పేడు దగ్గర మాధవమాల ఉంది. అందుకని "మన ఎర్రచందనంతో షాఫ్ట్ చేయిస్తే ఎట్లుంటాది" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పోలీసులు, అటవీ శాఖ సంగతి పక్కన పెట్టినా ఆటకే పనికిరాదు. శేషాచలం కొండల ఎర్రచందనం చేవ నీళ్లలో మునిగేంత బరువు, ఘన సెంటీమీటర్‌కు 1.1 గ్రాముల దాకా ఉంటుంది. మేపుల్ 0.7 దగ్గర. అదే కొలతలతో చేస్తే కొస బరువు సగానికి పైగా పెరుగుతుంది. అంత కష్టపడి, అంత భయపడి, డిఫ్లెక్షన్ పెంచుకున్నట్టు.

లేత్ షాపు దాకా పోనక్కర్లేని దారి ఒకటుంది, మన ఊళ్లో ఎవరూ దాన్ని దారిగా చూడరు. అది స్నూకర్ స్టిక్. యాష్ చెక్కతో చేసిన మామూలు స్నూకర్ స్టిక్ కొస 9.5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 13తో పోల్చితే 10 మిల్లీమీటర్ల కొసలో చెక్క 41 శాతం తక్కువ. ఇత్తడి ఫెరుల్ కాస్త బరువు కలుపుతుంది, అయినా మొత్తం మీద తేలికే. "ఇందాక సన్నం చేయొద్దన్నావు, ఇప్పుడు సన్నదే కొనమంటున్నావు" అంటారేమో. తేడా ఏమిటంటే స్నూకర్ స్టిక్ కొస నుంచి వెనక్కి పోయేకొద్దీ మొదటి నుంచీ లావెక్కుతూనే ఉంటుంది, అందుకే సన్నగా ఉన్నా ఊగదు. పూల్ షాఫ్ట్ అలా కాదు, బ్రిడ్జ్ (స్టిక్‌కు ఆనుగా టేబుల్ మీద పెట్టే ముందు చెయ్యి) వేళ్ల మధ్య ఒకేలా జారాలని పది పన్నెండు అంగుళాలు ఒకే లావు ఉంచుతారు. దాన్ని పలచన చేస్తే ఆ పొడవంతా బలహీనపడుతుంది. స్నూకర్ స్టిక్‌తో పూల్ ఆడడంలో ఇబ్బందులూ ఉన్నాయి. పూల్ బంతి 156 నుంచి 170 గ్రాములు, స్నూకర్ బంతికన్నా పెద్దది, బరువైనది. కాబట్టి బ్రేక్ (ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొట్టే దెబ్బ) మాత్రం దానితో కొట్టొద్దు, అందుకు పార్లర్ గోడకున్న లావు కర్ర చాలు. మిగతా ఆటంతా హాయిగా నడుస్తుంది. 1875లో జబల్పూరులో సైనికాధికారుల మెస్‌లో పుట్టి ఊటీలో నియమాలు కట్టుకున్న ఆట స్నూకర్. దాని కర్రను మన పూల్ టేబుల్ మీద పరాయిదిగా చూడడం నాకు వింతగా ఉంటుంది.

టిప్ గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన చోటే. కానీ షాఫ్ట్ మీద వేసే నిందల్లో సగం టిప్‌వి. చదునుగా అరిగిపోయిన టిప్‌తో సైడ్ కొడితే అంచు తగులుతుంది, జారకుండా టిప్‌కు పూసే చాక్ నిలవదు, జారుతుంది. అమెరికాలో టిప్ వంపును వాళ్ల నికెల్ నాణెంతో పోల్చి చూసుకుంటారు, దాని వ్యాసం 21.21 మిల్లీమీటర్లు. మనకు 2011 నాటి రూపాయి బిళ్ల 22 మిల్లీమీటర్లు, 2019 తర్వాతది 20. ఏదైనా సరిపోతుంది. టిప్ పక్కన బిళ్లను నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వంపు కలిసిందో లేదో తెలిసిపోతుంది. లేత్‌కు బయలుదేరే ముందు ఈ పని చేస్తే చాలామంది బయలుదేరరు.

ఉప్పు కాగితం సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది ఎవరూ ఒప్పుకోని మార్పు. మన ఊళ్లో మేలో ఎండ, నవంబరులో వాన, ఏడాది పొడవునా చేతి చెమట. షాఫ్ట్ జిగురుగా అవుతుంది. పార్లర్‌లో ఎప్పుడూ ఒక ముక్క ఉప్పు కాగితం ఉంటుంది, రెండు రుద్దులు రుద్ది ఆడేస్తారు. ప్రతి రుద్దుకూ కాస్త చెక్క పోతుంది, పైపెచ్చు చెయ్యి ఆడే చోటే ఎక్కువ పోతుంది. కొన్నాళ్లకు 13 ఉన్నది 12 చిల్లర అవుతుంది, నడుమ పల్లంగా, కొసన ఫెరుల్ గడపలా పొడుచుకొచ్చి. లేత్ మీద సన్నం చేయించడమే నాసి దారి అన్నాను కదా, ఇది దానికన్నా నాసి, ఎందుకంటే ఇందులో కొలత కూడా లేదు. తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో వేడెక్కేలా రుద్ది, కాస్త మైనం పట్టిస్తే చాలు. అదీ కుదరకపోతే మూడు వేళ్ల గ్లవ్ ఉంది. అబ్బాయిలు గ్లవ్ వేసుకోవడానికి ఎందుకో మొహమాటపడతారు.

నా వాదనకు ఉన్న గట్టి అభ్యంతరం నాకు తెలుసు. 1994కు ముందు ప్రపంచంలో పూల్ గెలిచినవాళ్లలో దాదాపు అందరూ మామూలు మేపుల్ కర్రతోనే గెలిచారు. డిఫ్లెక్షన్ ఎక్కువున్న స్టిక్‌తోనే చెయ్యి లెక్క నేర్చుకుంది. నిజమే. కానీ వాళ్లు ఏళ్ల తరబడి ఒకే స్టిక్‌తో ఆడారు. మనం పార్లర్‌లో సోమవారం ఒక కర్ర, బుధవారం ఇంకో కర్ర తీస్తాం. ప్రతి కర్రకూ డిఫ్లెక్షన్ వేరు, చెయ్యి ఏ లెక్క నేర్చుకోవాలి? కాబట్టి సొంత స్టిక్ ఒకటి ఉండడమే మొదటి మార్పు. దాన్ని చెక్కించడం, బోలు చేయించడం ఆ తర్వాతి మాట.

ఇంకొక కారణం ఉంది, దీని వల్లే కొందరికి మార్పు వద్దంటాను. సైడ్ పెట్టడానికి కొందరు మొత్తం స్టిక్‌ను పక్కకు జరుపుతారు. కొందరు బ్రిడ్జ్ చెయ్యి కదల్చకుండా వెనక చేతిని మాత్రం జరుపుతారు. ఈ రెండో రకం వాళ్లకు ఒక సహజమైన వరం ఉంది. వెనక చెయ్యి జరిగితే స్టిక్ కొంచెం సైడ్ వైపుకే తిరుగుతుంది, డిఫ్లెక్షన్ బంతిని దానికి ఎదురువైపుకు నెడుతుంది. బ్రిడ్జ్ దూరం (ఆ చేతి నుంచి బంతి దాకా) సరిగ్గా కుదిరితే రెండూ చెల్లుకుని వైట్ నేరుగా పోతుంది. ఆ దూరం ప్రతి షాఫ్ట్‌కూ వేరు. కొస బరువైతే దగ్గరకు వస్తుంది, తేలికైతే దూరం జరుగుతుంది. కొసను బాగా తేలిక చేయించుకుంటే ఆ దూరం మీ బ్రిడ్జ్ అందుకోలేనంత వెనక్కి పోవచ్చు. అలాంటివాళ్లకు ఇప్పుడున్న మామూలు షాఫ్టే మేలు. ఒక్కోసారి కాస్త బరువైన ఫెరుల్ వేయించుకోవడమే సరైన మార్పు అవుతుంది. ఈ మాట అంటే నవ్వుతారు, కానీ లెక్క అలాగే వస్తుంది.

పరీక్ష ఇంట్లో చేసుకునేంత తేలిక, టేబుల్ ఉంటే. ఎదుటి కుషన్ మీద ఒక గుర్తుకు వైట్‌ను నేరుగా గురిపెట్టండి. బ్రిడ్జ్ బిగించి, వెనక చేతిని మాత్రం జరిపి, టిప్‌ను బంతి పక్కకు తెచ్చి, స్టిక్ వీలైనంత సమంగా ఉంచి గట్టిగా కొట్టండి. మెల్లగా కొడితే బంతి దారిలో వంకర తిరిగి లెక్క చెడుతుంది. వైట్ మీరు సైడ్ పెట్టిన వైపుకే జరిగి తగిలితే బ్రిడ్జ్ మరీ దగ్గరగా ఉందని, ఎదురువైపుకు పోతే మరీ దూరంగా ఉందని. అటూ ఇటూ జరిపి చూస్తే నేరుగా పోయే దూరం దొరుకుతుంది. అది మీరు మామూలుగా పెట్టే బ్రిడ్జ్ దూరమే అయితే షాఫ్ట్‌ను తాకకండి. ఇంజనీరింగ్ కుర్రాడితో ఇదే చేయించాను. వాడికి దూరం ఇంచుమించు కలిసింది. "అంటే ఏమీ చేయించక్కర్లేదా?" అని నిరాశపడ్డాడు. టిప్ మార్చమన్నాను, మార్చాడు.

ఇంత విన్నాక కూడా బోలు చేయించాలనుకుంటే, నిబంధనల భయం అక్కర్లేదు. ప్రపంచ పూల్ సంఘం నియమాల్లో స్టిక్ పొడవు 40 అంగుళాలకు తగ్గకూడదు, బరువు 25 ఔన్సులు దాటకూడదు, టిప్ 14 మిల్లీమీటర్లు దాటకూడదు. లోపల బోలుగా ఉందా నిండుగా ఉందా అని ఎవరూ అడగరు. ఉన్న ఒక్క షాఫ్ట్‌ను మాత్రం బిట్టు కింద పెట్టకండి. అదే పిడికి సరిపడే రెండో షాఫ్ట్, చవకదే, తెప్పించుకుని దాని మీద చేయించండి. కొనేటప్పుడు జాయింట్ మర సరిచూసుకోండి. 5/16 అంగుళాల పిన్నులోనే అంగుళానికి 14 మరలది ఒకటి, 18 మరలది ఒకటి ఉన్నాయి, 3/8 పిన్నులో 10 మరలది ఉంది. ఫోటోలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పిడిని వెంట తీసుకుపోయి బిగించి చూశాకే డబ్బు ఇవ్వండి.